కింద నిలబడి తిట్టనీ

నేను ముప్పై మూడేళ్ళు కరెంటు సబ్‌స్టేషన్లలో షిఫ్ట్ ఆపరేటర్‌గా పనిచేశాను. మొదట వేంపల్లెకు అవతల ఒక పల్లెలో, తర్వాత కర్నూలు పక్కన కల్లూరులో. కొత్తగా చేరే పిల్లలు ఇది స్విచ్చులు వేసి తీసే ఉద్యోగం అనుకుంటారు. స్విచ్చు వేయడం ఒక్క పూటలో వస్తుంది. మిగతా సర్వీసంతా నేను చేసింది ఫోను ఎత్తి, అవతలి మనిషికి జవాబు చెప్పడం. ఆ జవాబుల్లో సగం 'ఇవ్వను' అని చెప్పాల్సినవి. ఆ మాట నా నోట్లోంచి రావడానికి పదకొండేళ్ళు పట్టింది. ఆ ఆలస్యానికి దెబ్బ తగిలింది నాకు కాదు, వేరే మనిషికి.

రిటైరై రెండేళ్ళయినా ఫోను మోగితే పరుగున పోయి ఎత్తుతాను. ఎవరో లైను మీద ఉన్నారేమో, నేను ఏదో మరిచిపోయానేమో అనిపిస్తుంది. తీరా చూస్తే గ్యాసు బండ తెచ్చే మనిషి. నా భార్య నవ్వుతుంది గానీ నాకు నవ్వు రాదు.

ముందు ఒక్క సంగతి చెప్పి మొదలుపెడతాను. లైను మీద మనిషి పనిచేయాలంటే సబ్‌స్టేషన్‌లో ఆ లైనుకు కరెంటు ఆపాలి. లైన్‌మన్ అడుగుతాడు, మేం ఆపి, అతని పేరు రాసుకుని, ఒక నంబరు ఇస్తాం. దీన్ని లైన్ క్లియర్ అంటాం. మాటల్లో లైను తీయడం, లైను ఇవ్వడం అన్నా ఇదే. పనయ్యాక అదే మనిషి, తన నోటితో, అదే నంబరు చెప్తేనే మళ్ళీ కరెంటు వదలాలి. రైతు అడిగితే మాత్రం ఆపకూడదు, ఎంత కావలసినవాడైనా సరే. ఇది చేరిన మొదటి రోజే చెప్తారు. తెలియక తప్పు చేసినవాణ్ణి నా సర్వీసులో ఒక్కణ్ణి కూడా చూడలేదు.

మంచోడు

మాది నేతపని ఇల్లు. మా నాన్నకు 'కాదు' అనే మాట తెలియదు. ఒకే మగ్గం మీద మూడిళ్ళ పెళ్ళి చీరలు ఒప్పుకునేవాడు. మూడూ ఆలస్యమయ్యేవి, మూడిళ్ళవాళ్ళూ వచ్చి గుమ్మంలో నిలబడేవాళ్ళు, మా అమ్మ లోపల్నుంచి గొణిగేది. అయినా మా వీధిలో నాన్నకు మంచివాడని పేరు. కాదన్నవాడికి పొగరనే పేరు. ఆ ఇంట్లో పెరిగి వచ్చి నేను సబ్‌స్టేషన్ కుర్చీలో కూర్చున్నాను.

ఆ పల్లె చుట్టూ అరటి తోటలు. లైన్‌మన్ ఒక్కడే, ఊళ్ళు పదకొండు. ఎక్కడో ట్రాన్స్‌ఫార్మర్ మీద ఫ్యూజు పోతే అతను వచ్చేసరికి ఒక్కోసారి రెండు రోజులు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉండే స్విచ్చులు చాలావరకు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉండేవి. అందుకని రైతులు సబ్‌స్టేషన్‌లోనే లైను ఆపించుకుని, తామే ట్రాన్స్‌ఫార్మర్ ఉండే దిమ్మె ఎక్కి ఫ్యూజు తీగ కట్టుకునేవాళ్ళు.

గంగిరెడ్డి అనే రైతు నేను చేరిన రెండో వారమే వచ్చాడు. స్టీలు క్యారియర్‌లో సంగటి, ఊరుబిండి తెచ్చాడు. నేను తింటుంటే పక్కన కూర్చుని అడిగాడు.

"నారాయణా, రోంత లైను తీయప్పా. ఫ్యూజు కట్టుకుంటా. ఐదు నిమిషాలు."

సంగటి ముద్ద చేతిలో ఉండగా కాదనడం ఎట్లాగో నాకు తెలియలేదు. లేచి తీశాను. ఆ తర్వాత ఊరంతా అడిగింది. ఫోన్లు లేని రోజుల్లో సైకిలు మీద ఒక మనిషి వచ్చి తీయమని చెప్పేవాడు, అతనే మళ్ళీ వచ్చి కరెంటు ఇవ్వమనేవాడు. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ తిరుగుడు కూడా తప్పింది. పండగలకు మా ఇంటికి గెలలు గెలలు అరటిపళ్ళు వచ్చేవి. 'నారాయణ మంచోడు' అనేవాళ్ళు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు తేలికయ్యేది. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను, ఆ మాట కోసమే చేశాను.

మా లైన్ ఇన్‌స్పెక్టర్ ఖాదర్‌వలి గారు ఒక్కరే నన్ను మెచ్చుకోలేదు. ఆయనకు ఒక అలవాటు ఉండేది. లైన్ క్లియర్ తిరిగి ఇచ్చేటప్పుడు నంబరు చెప్పి, "ముగ్గురం ఎక్కినాం, ముగ్గురం దిగినాం" అనేవారు. ఒంటరిగా పోయిన రోజు కూడా, "ఒక్కణ్ణి ఎక్కినా, ఒక్కణ్ణి దిగినా" అనేవారు. మేం కుర్రాళ్ళం చాటుగా ఆయన్ను అనుకరించి నవ్వుకునేవాళ్ళం. ఒకసారి నా బల్ల కింద అరటి గెల చూసి, "ఏం భాయ్, ఈ గెల ఎన్ని ఫ్యూజులకు?" అని మాత్రం అడిగారు. నేను నవ్వేశాను.

ఆ మధ్యాహ్నం

ఎండాకాలం, మధ్యాహ్నం రెండు దాటింది. గంగిరెడ్డి ఫోను చేశాడు. ఎప్పటి మాటే. లైను తీశాను.

గంగిరెడ్డి మడికి రెండు మళ్ళ అవతల ఓబుల్‌రెడ్డి తోట. వాళ్ళ ట్రాన్స్‌ఫార్మర్‌కు పొద్దున్నుంచే ఫ్యూజు లేదు. చుట్టుపక్కల మోటార్లు ఒక్కసారిగా ఆగిపోవడం విని, గంగన్న లైను తీయించినట్టున్నాడు అనుకుని, ఓబుల్‌రెడ్డి తనూ దిమ్మె ఎక్కాడు. నాకు చెప్పలేదు, గంగిరెడ్డికీ చెప్పలేదు. ఇది ఆ పల్లెలో కొత్త కాదు. ఒకడు తీయించుకుంటే పక్కన నలుగురు వాడుకునేవాళ్ళు. అందరికీ తెలిసిన అలవాటు. నాకూ తెలుసు.

ఏడు నిమిషాలకు గంగిరెడ్డి, "అయిపాయె నారాయణా, కరెంటు ఇయ్యి" అన్నాడు. నేను ఒక్క ప్రశ్న అడగలేదు. హ్యాండిల్ తిప్పాను. లైనుకు కరెంటు కలిపే బ్రేకర్ పడింది, పడిన క్షణంలోనే ఠప్పున ఎగిరి కరెంటు తెగింది.

ఆ లైను రోజుకు పదిసార్లు అట్లా ఎగిరేది. కొమ్మ తగిలినా, కాకి వాలినా అంతే. ఎగిరితే ఇంకోసారి వేసి చూడటం మా వాడుక. నా చెయ్యి మళ్ళీ హ్యాండిల్ మీదికి పోయింది. అప్పుడు ఫోను మోగింది. ఎత్తితే ముందు ఎగశ్వాస వినపడింది. తర్వాత గంగిరెడ్డి గొంతు.

"ఇయ్యద్దు. కరెంటు ఇయ్యద్దప్పా. ఓబులు పైన ఉండాడు."

ఆ ఫోను కాసేపు ఆగి మోగి ఉంటే నేను రెండోసారి కరెంటు వదిలేవాణ్ణి. చెయ్యి ఆగింది నా తెలివి వల్ల కాదు. ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు, ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

ఓబుల్‌రెడ్డికి అప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు, రెండేళ్ళ కొడుకు. బతికాడు. కుడి చెయ్యి మోచేతి దాకా తీసేశారు. విచారణకు వచ్చినవాళ్ళతో, కరెంటు లేదని చూసుకుని తనంతట తనే ఎక్కానని చెప్పాడు. అందులో అబద్ధం లేదు, నిజమంతా కూడా లేదు. నేను కడప ఆసుపత్రికి పోయి మంచం దగ్గర నిలబడితే ఆయనే నన్ను ఓదార్చాడు.

"నీ పేరు చెప్పలే నారాయణన్నా. నీకూ పిల్లోళ్ళు ఉండారు కదా."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. బస్సులో తిరిగి వస్తూ నా కుడి చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. దాన్ని చూడబుద్ధి కాలేదు.

ఖాదర్‌వలి గారి లెక్క

ఖాదర్‌వలి గారు నన్ను కేకలేయలేదు. మరుసటి రోజు పొద్దున వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"నువ్వు ఎవరికి ఇచ్చినావు లైను?"

"గంగిరెడ్డికి సార్."

"కాదు. గంగిరెడ్డి అడిగినాడు. నువ్వు ఇచ్చింది ఆ లైను పొడుగునా ఉండే అందరికీ. ఎవురెవురు తీసుకున్నారో నీకు తెల్దు. నేను ముగ్గురం ఎక్కినాం, ముగ్గురం దిగినాం అంటానే, అది మీరు నవ్వుకోడానికి కాదు."

ఆ రోజు నుంచి రైతులెవరికీ లైను తీయలేదు. చెప్పడం తేలిక. మొదటి వారం ప్రతి ఫోనుకూ ఇదే తంతు. కాదని చెప్పి ఫోను పెట్టేసి, బయటికి పోయి కుండలో నీళ్ళు తాగి వచ్చేవాణ్ణి. మళ్ళీ మోగేది. 'నారాయణకు కండ్లు నెత్తికెక్కినాయి' అన్నారు. గంగిరెడ్డి నా ముందు నుంచే క్యారియర్ పట్టుకుని పోయి లైన్‌మన్‌కు పెట్టాడు. పదకొండేళ్ళ మంచితనం పదకొండు రోజుల్లో పోయింది. ఒకరోజు ఓపిక నశించి ఖాదర్‌వలి గారికి చెప్పుకున్నాను.

"తిడతాండారు సార్. వినలేకపోతాండా."

"యాడ నిలబడి తిడతాండారు?"

నాకు అర్థం కాలేదు.

"దిమ్మె మీద నుంచా, కింద నుంచా?"

"కింద నుంచే సార్."

"అయితే తిట్టనీ. కింద నిలబడి ఎంతసేపన్నా తిట్టనీ."

ఓబుల్‌రెడ్డి అడిగిన రోజు

ఏడాదిన్నర తర్వాత ఓబుల్‌రెడ్డి ఫోను చేశాడు. గెలలు వేసిన తోట. మూడు రోజులుగా నీళ్ళు లేవు, ఫ్యూజు పోయింది. లైన్‌మన్ వేరే ఊళ్ళో పడిపోయిన స్తంభం దగ్గర ఉన్నాడు.

"నేను ఎక్కలేను కదన్నా. కూలాయన ఎక్కుతాడు. ఐదు నిమిషాలు తీయి."

ఇదే నేను భయపడుతూ వచ్చిన ఫోను. ఊళ్ళో ఎవరు తిట్టినా తట్టుకున్నాను, ఈయన మాత్రం అడగకూడదని రోజూ మొక్కుకున్నాను. అడిగాడు.

నేను కారణాలు చెప్పడం మొదలుపెట్టాను. రూల్సు మారాయన్నాను. "మనకు రూల్సేందిలేన్నా" అన్నాడు. పై ఆఫీసరు ఉన్నాడన్నాను. "ఎప్పుడు పోతాడో చెప్పు, అప్పుడే చేస్తా" అన్నాడు. ఈ లైను మీద వేరే పని ఉందన్నాను. "అది అయినాకే ఇయ్యి" అన్నాడు. నేను కారణాలు చెప్పేకొద్దీ ఆయనకు ఆశ పెరుగుతోంది. చివరికి ఆయనే అన్నాడు.

"నీ పేరు యాడన్నా చెప్పినానా నారాయణన్నా?"

"లే."

"ఇన్ని దినాల్లో ఏమన్నా అడిగినానా?"

"లే."

"మడి ఎండిపోతాండాది. ఇప్పుడు అడుగుతాండా."

నేను కళ్ళు మూసుకుని చెప్పాను. "ఇయ్యను ఓబుల్‌రెడ్డీ. వేరే కారణమేమీ లేదప్పా. నువ్వు చెప్పే మనిషి ఎక్కేది దిగేది ఈ కుర్చీలోంచి నాకు కనపడదు. అందుకని ఇయ్యను."

"నా చెయ్యి తీసుకున్నావు. ఐదు నిమిషాలు ఇయ్యలేవు" అని పెట్టేశాడు.

నేను లైన్‌మన్‌కు ఆ సాయంత్రం నాలుగుసార్లు ఫోను చేశాను. అతను మరుసటి రోజు పొద్దున గానీ పోలేకపోయాడు. తోటలో కొన్ని గెలలు పాడయ్యాయి. ఓబుల్‌రెడ్డి మళ్ళీ నాతో మాట్లాడలేదు. నేను కల్లూరుకు బదిలీ అయిపోయేదాకా, ఎదురుపడితే ముఖం తిప్పుకుని పోయేవాడు.

అపరాధభావం లేకుండా కాదనడం ఎట్లా అని ఇప్పటి పిల్లలు నన్ను అడుగుతారు. ఆ రోజు నాకు పాపం చేసినట్టే అనిపించింది, వారం రోజులు అన్నం సహించలేదు. కానీ ఒకటి గమనించాను. ఆ బాధ రోజురోజుకూ తగ్గింది. గంగిరెడ్డికి సరే అన్న బాధ మాత్రం ఈ రోజుకీ తగ్గలేదు. రెండూ ఒకే రకం అనుకుని అన్నాళ్ళూ భయపడ్డాను. అవి ఒకటి కాదని తెలిశాక, కాదన్న తర్వాత వచ్చే బాధను పెద్దగా లెక్కచేయడం మానేశాను. వస్తుంది, ఉంటుంది, పోతుంది. అది ఉండగా చెయ్యి మాత్రం హ్యాండిల్ మీదికి పోకూడదు.

చూస్తాంలే

ఇంత నేర్చుకున్నవాణ్ణి కల్లూరులో మళ్ళీ బోర్లాపడ్డాను. అక్కడ మా బావమరిది ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం రోజే మా లైను మీద కొమ్మలు కొట్టే పని పడింది. పది గంటలకు కరెంటు ఆపాలని ముందే రాసి ఉంది.

"బావా, హోమం అయ్యేదాకా ఆ పని రోంత ఆపుకోండి" అన్నాడు బావమరిది.

పక్కన నా భార్య ఉంది, అత్తగారు ఉంది. కుదరదు అనడానికి నోరు రాక, "చూస్తాంలే" అన్నాను. మన వైపు ఇది అందరం వాడే మాట. చెప్పేవాడు కాదని చెప్పాననుకుంటాడు, వినేవాడు సరే అన్నాడనుకుంటాడు. పది కాగానే నేను కరెంటు ఆపాను. కొత్తింట్లో ఫ్యాన్లు ఆగాయి, వంటవాళ్ళ గ్రైండరు పిండి సగంలో ఆగింది, మైకులో పంతులు గారి మంత్రం మధ్యలో తెగింది.

మా బావమరిది భార్య రెండేళ్ళు మా గడప తొక్కలేదు. మొదట్లో నాకు కోపం వచ్చింది, నా డ్యూటీ నేను చేశాను కదా అని. తర్వాత ఆమె మా ఆవిడతో అన్న మాట తెలిసింది. "కరెంటు ఇయ్యనని చెప్పింటే జనరేటరు తెచ్చుకుంటా ఉంటిమి కదా." ఆమె చెప్పింది నిజం. ఆమెకు కోపం తెప్పించింది కరెంటు పోవడం కాదు, నా చూస్తాంలే. పల్లెల్లో అయితే ఆ మాట విని ఎవరో ఎక్కేసి ఉండేవాళ్ళు. ఆ ఆలోచన వచ్చాక ఆ మాట నోట్లోకి రానివ్వలేదు. ఇప్పుడు కూరగాయల బేరంలో కూడా అననని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది.

ప్రసాద్ పక్కన ఒక పూట

పోయిన నెల ఫోను మోగింది. తెలియని నంబరు.

"నారాయణన్నా, నేను ఓబులును."

ఇన్నేళ్ళకు ఆ గొంతు. నేను కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను.

"మావాడు మహేషు. దిమ్మె ఎక్కుతాండాడు. నేను చెప్తే వినడు, చెయ్యి చూపిచ్చినా వినడు. కొత్తాయన ఎవరో ప్రసాదంట, అడిగినోళ్ళకల్లా లైను తీస్తాండాడు. శానా మంచోడంట." ఆ చివరి మాట ఆయన రెండుసార్లు అన్నాడు. "నువ్వు పోయి చెప్పన్నా. నాకు ఇయ్యలేదు కదా నువ్వు. మావానికీ ఇయ్యద్దని చెప్పు."

రెండు రోజుల తర్వాత బస్సెక్కి ఆ పాత సబ్‌స్టేషన్‌కు పోయాను. అదే గది, అదే కిటికీ, ప్యానెళ్ళు మాత్రం కొత్తవి. ప్రసాద్‌కు ముప్పై లోపు ఉంటాయి, పలకరింపులోనే మెత్తదనం. నాకు కుర్చీ వేసి టీ తెప్పించాడు. బల్ల కింద అరటి గెల కనపడింది.

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పైన రాసిందంతా అతనికి చెప్పాను. రెండోసారి హ్యాండిల్ మీదికి పోయిన చెయ్యి సంగతి ఒక్కటి చెప్పలేకపోయాను. తల వంచుకుని విన్నాడు. చివరికి, "వాళ్ళు శానా మంచోళ్ళు సార్. ఎట్ల కాదనేది?" అన్నాడు. వచ్చిన పని కాలేదనుకున్నాను.

రెండు దాటాక ప్రసాద్ ఫోను మోగింది. రాసుకుంటూ మాట్లాడే అలవాటున్నట్టుంది, స్పీకరు పెట్టి ఎత్తాడు.

"ప్రసాదన్నా, మహేషును. రోంత లైను తీయన్నా, ఫ్యూజు కట్టుకుంటా."

ప్రసాద్ నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. నేను నోరు తెరిస్తే అది నా మాటవుతుంది, రేపు ఈ కుర్చీలో నేను ఉండను.

"అట్ల కాదు మహేషూ, ఇప్పుడు పైనుంచి మాకు..." అని మొదలుపెట్టాడు ప్రసాద్. ఆగాడు. "చూస్తా..." అన్నాడు. మళ్ళీ ఆగాడు. పెన్ను కింద పెట్టాడు.

"ఇయ్యను మహేషూ. నువ్వు ఎక్కేది దిగేది ఈడికి కనపడదు. లైన్‌మన్‌కు చెప్తా, ఆయన వస్తాడు. నువ్వు ఎక్కద్దు."

మహేష్ అన్న మాటలు రాయను. ప్రసాద్ తల్లిని కూడా వదల్లేదు. ఫోను ఆగిపోయాక ప్రసాద్ లైన్‌మన్‌కు ఫోను చేసి చెప్పాడు, తర్వాత లేచి బయటికి పోయి నీళ్ళు తాగి వచ్చాడు.

"రేపు ఊళ్ళో మొగం ఎట్ల చూపించేది సార్? ఎంత మాటన్నాడు."

"యాడ నిలబడి అన్నాడు?"

ప్రసాద్ కిటికీలోంచి మడుల వైపు చూశాడు. "కిందే సార్. మడిలో."

ఇద్దరం ప్యానెల్ వైపు చూస్తూ కూర్చున్నాం. మహేషు ఇంకో చోట లైను తీయించుకుంటాడేమో, ఎవరో తీసిన లైను వాడుకుంటాడేమో, అప్పటికే ఎక్కేశాడేమో అని నా మనసు ఊరుకోలేదు. అరగంట గడిచింది. నా జేబులో ఫోను మోగింది.

"నారాయణన్నా" అన్నాడు ఓబుల్‌రెడ్డి. "మావాడు ఇంటికొచ్చినాడు. ఆ ప్రసాదును తిట్టుకుంటా అన్నం తింటాండాడు."